రక్తహీనతను సరిచేయాలి, రేడియేషన్ ఆపకుండా

సంపాదకుల వారికి నమస్కారం.

క్యాన్సర్‌కు రేడియేషన్ రాసిన ప్రతి చోటా రోగి కుటుంబం నుంచి రెండు మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి: "ఒంట్లో రక్తమే లేదు, కాస్త పుంజుకున్నాక కరెంటు (రేడియేషన్) పెట్టిద్దాం." రెండోది: "రక్తం గబగబా పెరిగే ఇంజక్షన్ ఏదైనా రాయండి." మొదటి మాట కణితికి వ్యవధి ఇస్తుంది. రెండోది కొన్ని సందర్భాల్లో కణితికే మేలు చేస్తుంది. ఈ రెంటి నడుమ అసలు చేయాల్సిన పని జారిపోతోంది. బయాప్సీ తీసిన రోజే హిమోగ్లోబిన్ చూడాలి, తక్కువుంటే ఎందుకు తక్కువుందో పట్టుకోవాలి, రేడియేషన్‌ను వాయిదా వేయకుండా, మధ్యలో ఆపకుండా దాన్ని సరిచేయాలి. ఈ చికిత్సలో పనిచేస్తున్నవాళ్లుగా దాని లెక్కలూ మెలకువలూ మీ పాఠకుల ముందు పెడుతున్నాం.

రేడియేషన్ పనిచేయడానికి రక్తంతో సంబంధమేమిటని చాలామందికి అనుమానం. ఎక్స్‌రే కిరణాలు క్యాన్సర్ కణం డీఎన్‌ఏను నేరుగా కొట్టేది తక్కువ. ఎక్కువగా కణంలోని నీటిని విరగ్గొట్టి, రెప్పపాటైనా నిలవని హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తాయి. డీఎన్‌ఏకు జరిగే నష్టంలో దాదాపు మూడింట రెండొంతులు వాటి పనే. దెబ్బ తగిలిన చోట ఆక్సిజన్ ఉంటే అది వెళ్లి అతుక్కుని ఆ దెబ్బను శాశ్వతం చేస్తుంది. లేకపోతే కణం తన దగ్గరున్న రసాయనాలతో గాయాన్ని పూడ్చేసుకుంటుంది. సెకనులో వెయ్యో వంతుల్లోనే ఇదంతా తేలిపోతుంది. ఆక్సిజన్ బొత్తిగా అందని కణాన్ని చంపాలంటే 2.5 నుంచి 3 రెట్ల మోతాదు కావాలి. బ్రిటన్ భౌతిక శాస్త్రవేత్త లూయీ హెరాల్డ్ గ్రే బృందం 1953లో ఈ సంగతిని వివరంగా ప్రచురించింది. 1955లో థామ్లిన్సన్, గ్రే ఊపిరితిత్తుల కణితులను మైక్రోస్కోపు కింద చూసి, రక్తం అందే చోటు నుంచి 0.15, 0.2 మిల్లీమీటర్లు దాటాక కణాలు చచ్చిపడి ఉన్నాయని చూపారు. ఆ చచ్చిన కణాలతో మనకు పేచీ లేదు. వాటి అంచున ఆక్సిజన్ చాలక, అయినా ప్రాణంతో మిగిలిన కణాలే రేడియేషన్‌ను తట్టుకుని తర్వాత మళ్లీ తలెత్తుతాయి. (రేడియేషన్ మోతాదును కొలిచే 'గ్రే' అనే యూనిట్ ఆయన పేరు మీద వచ్చిందే.)

ఇక హిమోగ్లోబిన్ లెక్క. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 14 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న మనిషిలో ఆ రక్తం దాదాపు 19 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను తీసుకెళ్తుంది. 9 గ్రాములుంటే 12 మాత్రమే. మామూలు అవయవాలు ఈ లోటును ఏదో ఒక రకంగా సర్దుకుంటాయి. గుండె వేగం పెంచుతుంది, రక్తనాళాలు వెడల్పవుతాయి. కణితిలోని రక్తనాళాలు వంకరటింకరగా, సగం మూసుకుపోయి ఉంటాయి కాబట్టి వాటికి ఆ వెసులుబాటు తక్కువ. అందుకే మనిషి మామూలుగా తిరుగుతున్నా లోపల కణితి ఊపిరాడని స్థితిలో ఉండొచ్చు. అలాగని ఎంత ఎక్కువైతే అంత మంచిదనీ కాదు. కణితి లోపల ఆక్సిజన్‌ను సూదులతో కొలిచిన పరిశోధనల్లో 12 నుంచి 14 గ్రాముల మధ్య పరిస్థితి మెరుగ్గా కనిపించింది. అది దాటి పోతే రక్తం చిక్కబడి, ఆ సన్నని నాళాల్లో ప్రవాహమే మందగిస్తుంది.

దీని ప్రభావం ఫలితాల మీద ఎంత అన్నది ఎక్కువగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లోనే చూశారు. కెనడాలోని ఏడు కేంద్రాల్లో రేడియేషన్ తీసుకున్న 605 మంది మహిళల వివరాలతో 1999లో ఒక విశ్లేషణ వచ్చింది. చికిత్స జరుగుతున్న వారాల్లో హిమోగ్లోబిన్ సగటు 12 లేదా అంతకంటే ఎక్కువున్నవారిలో ఐదేళ్లు బతికినవారు 74 శాతం. 11, 12 మధ్య ఉన్నవారిలో 52 శాతం, 11 కంటే తక్కువున్నవారిలో 45 శాతం. అందులో మాకు ముఖ్యంగా కనిపించేది వేరే సంగతి. మొదటి రోజు రిపోర్టులోని అంకె కంటే, చికిత్స నడుస్తున్నప్పటి అంకె ఫలితాన్ని మెరుగ్గా సూచించింది. చేరినప్పుడు తక్కువున్నా తర్వాత పెరిగినవారి పరిస్థితి, మొదటి నుంచీ బాగున్నవారికి దగ్గరగానే ఉంది. తల, మెడ క్యాన్సర్లలోనూ తక్కువ హిమోగ్లోబిన్, కణితి తిరిగి రావడం చెట్టాపట్టాలేసుకునే కనిపిస్తాయి.

అయితే ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. పెద్ద కణితి ఎక్కువ రక్తస్రావం చేస్తుంది, ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) రసాయనాలను పెంచుతుంది, ఆకలిని చంపుతుంది. అంటే రక్తహీనత కొంతవరకు ముదిరిన జబ్బుకు గుర్తు కూడా. గుర్తును చెరిపేసినంత మాత్రాన జబ్బు తగ్గదు. టొరంటోలోని ప్రిన్సెస్ మార్గరెట్ ఆసుపత్రిలో రక్తం ఎక్కించి హిమోగ్లోబిన్‌ను 12.5 పైన నిలిపిన పరిశీలనలో మొదట మేలు కనిపించింది. అదే సమాచారాన్ని తర్వాత కట్టుదిట్టంగా తిరగేసినప్పుడు ఆ తేడా నిలవలేదు. డెన్మార్క్‌లో తల, మెడ క్యాన్సర్ రోగులకు లాటరీ పద్ధతిలో కొందరికి రక్తం ఎక్కించి, కొందరికి ఎక్కించకుండా చూసిన రెండు పరీక్షల ఫలితాలు 2011లో వచ్చాయి. ఎక్కించినవారికి అదనపు లాభం కనబడలేదు. కాబట్టి "రెండు యూనిట్లు ఎక్కిస్తే కరెంటు బాగా పనిచేస్తుంది" అని హామీ ఇచ్చే డాక్టరు రుజువును మించి మాట్లాడుతున్నట్టే. సరిచేయాల్సింది రక్తహీనత వెనకున్న కారణాన్ని. రక్తం ఎక్కించడం అందులో ఒక పనిముట్టు, అంతే.

కారణాల్లో మొదటిది రక్తస్రావం. ఇక్కడే "ముందు రక్తం పెరగనివ్వండి" అన్న మాట ఎదురు తిరుగుతుంది. ముఖద్వార కణితి నుంచి రోజూ రక్తం పోతుంటే, దాన్ని ఆపే గట్టి మందు రేడియేషనే. చాలామందిలో మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లో స్రావం తగ్గుముఖం పడుతుంది. ధారగా పోతుంటే యోని లోపల గాజ్ గుడ్డ (గాయాలకు కట్టే పలచని గుడ్డ) బిగించి కుక్కడం, రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం, మొదటి రెండు మూడు రోజులు కాస్త పెద్ద మోతాదుల్లో రేడియేషన్ వంటివి ఉన్నాయి. హిమోగ్లోబిన్ 7 చూసి "నెల తర్వాత రండి" అని పంపిస్తే ఆ నెలంతా కుళాయి తెరిచే ఉంటుంది. అటు ఇనుము మాత్రలతో నింపుతుంటాం, ఇటు కారిపోతుంటుంది.

మొదలైన చికిత్సను మధ్యలో ఆపడం ఇంకా చేటు. ముఖద్వార క్యాన్సర్‌లో బయటి రేడియేషన్, లోపల పెట్టే బ్రాకీథెరపీ కలిపి 8 వారాల్లో ముగియాలి. తల, మెడ క్యాన్సర్లలో సాధారణంగా 35 సిట్టింగుల్లో 70 గ్రే, 7 వారాల్లో. ఆ గడువు దాటి సాగిన ఒక్కో రోజుకు కణితి అదుపులో ఉండే అవకాశం సుమారు 1 శాతం చొప్పున జారుతుంది. మిగిలిన కణాలు ఆ విరామంలో వేగంగా పెరుగుతాయి. పది రోజులు ఆపి హిమోగ్లోబిన్‌ను 9 నుంచి 10కి తెచ్చామని సంతోషిస్తే, ఆ ఒక్క గ్రాము తెచ్చిపెట్టే లాభానికి రుజువు లేదు, పోయిన పది రోజుల నష్టానికి మాత్రం లెక్క ఉంది. కూర్చున్నా ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఆగని రక్తస్రావం, 7 కంటే తక్కువ అంకె ఉంటే ఆ రోజే ఆసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించాలి. అప్పుడు కూడా వీలైతే మర్నాడే యంత్రం మీదికి తీసుకురావాలి.

హిమోగ్లోబిన్ పడిపోగానే నింద రేడియేషన్ మీదికి వెళ్తుంది. లెక్క చూడండి. ఎర్రకణం ఆయువు దాదాపు 120 రోజులు. ఎముక మజ్జ ఈ రోజు నుంచి ఒక్క కణం కూడా తయారుచేయలేదనుకున్నా, 12 గ్రాములున్న మనిషిలో రోజుకు 0.1 గ్రాము, వారానికి 0.7 గ్రాము మించి తగ్గదు. పొత్తికడుపుకు రేడియేషన్ ఇచ్చినప్పుడు కటి ఎముకల్లో మజ్జ దెబ్బతినడం నిజమే. వారానికోసారి శరీర ఉపరితలం చదరపు మీటరుకు 40 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చే కీమో మందు సిస్‌ప్లాటిన్ మజ్జనూ, ఎర్రకణాల తయారీని పురిగొల్పే ఎరిత్రోపోయిటిన్ హార్మోన్‌ను తయారుచేసే మూత్రపిండాలనూ కూడా దెబ్బతీస్తుంది. అయినా అదంతా నెమ్మదిగా దిగే మెట్లు. ఒక్క వారంలో 1.5, 2 గ్రాములు పడిపోయిందంటే ముందు ఎక్కడైనా రక్తం పోతోందేమో వెతకాలి. అదీ కాకపోతే, సిస్‌ప్లాటిన్ ముందు ఎక్కించిన సెలైన్ వల్ల రక్తం పలచబడి అంకె తక్కువ చూపిందేమో చూడాలి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే నమూనా తీయడం మేం అనుకునే దానికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. అలాంటి అంకె చూసి రక్తం ఎక్కించకూడదు, మరో చేతి నుంచి తీసి మళ్లీ పరీక్షించాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో మగవాళ్లకు 13, గర్భం లేని ఆడవాళ్లకు 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత. అంత కనిపించాక ఒక్క హిమోగ్లోబిన్‌తో ఆగకూడదు. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ, రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు), ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత నిండిందో చెప్పేది), వాపును చెప్పే సీఆర్‌పీ, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, బీ12 చూడాలి. ఫెరిటిన్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. అది ఇనుము నిల్వను చెబుతుంది, కానీ ఒంట్లో వాపు ఉన్నా పెరుగుతుంది. ఆరోగ్యవంతుల్లో మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల కంటే తక్కువుంటే ఇనుము లోపం. క్యాన్సర్ రోగిలో 80 ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 20 శాతం లోపుంటే ఇనుము చాలడం లేదనే అనుకోవాలి. ఎంసీవీ బాగా తక్కువగా ఉండి ఇనుము సరిగ్గానే ఉంటే తలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే, హిమోగ్లోబిన్ తయారీలోని లోపం) ఉందేమో చూడాలి. వాళ్లకు ఇనుము పోసినా హిమోగ్లోబిన్ పెరగదు.

లోపం తేలాక మాత్రలా, ఇంజక్షనా? బయాప్సీకి, మొదటి సిట్టింగ్‌కు మధ్య స్కాన్లు, ప్లానింగ్ కలిపి మామూలుగానే రెండు మూడు వారాలు గడుస్తాయి. మాత్రలతో ఒక గ్రాము పెరగడానికే రెండు మూడు వారాలు పడుతుంది. అదీ పేగు బాగా పీల్చుకుంటే. క్యాన్సర్ వాపు వల్ల కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువ వదులుతుంది. అది పేగులో ఇనుము దారినే మూసేస్తుంది. అసిడిటీ మాత్రలు తోడైతే చెప్పనక్కర్లేదు. మెడ క్యాన్సర్ రోగికి ఆహారం పంపే ట్యూబు చివర చిన్నపేగు మధ్య భాగంలో ఉంటే, అందులో పోసే ఇనుము సిరప్ పీల్చుకునే చోటు దాటిపోయాకే పడుతుంది. అందుకే రేడియేషన్ దగ్గరపడిన రోగికి ఇనుమును నరంలోకి ఇవ్వడమే తెలివైన పని అని మా అభిప్రాయం. మోతాదును శరీర బరువు, పెరగాల్సిన గ్రాములు, 2.4 ఈ మూడూ గుణించి, నిల్వ కోసం 500 కలిపి లెక్కిస్తారు. 50 కిలోల మనిషిని 9 నుంచి 13కి తేవాలంటే 480కి 500 కలిపి 980 మిల్లీగ్రాములు. ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఇనుము మందైతే ఒకే విడతలో 15 నిమిషాల్లో ఎక్కుతుంది. ఐరన్ సుక్రోజ్ అయితే 200 మిల్లీగ్రాముల చొప్పున ఐదుసార్లు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఇవ్వకూడదు. ఎక్కించాక అరగంట కూర్చోబెట్టి రియాక్షన్ చూడాలి. కార్బాక్సీమాల్టోజ్ తర్వాత నీరసం తగ్గకపోగా పెరిగితే ఫాస్ఫేట్ పడిపోయిందేమో పరీక్షించాలి.

మందుల షాపులో దొరికే "రక్తం పట్టే" మాత్రల్లో చాలావాటిలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. పురీషనాళ క్యాన్సర్‌కు రేడియేషన్‌తో కేపసిటబైన్ అనే కీమో మాత్రలు వాడుతున్నవాళ్లు అలాంటివి సొంతంగా మింగితే, అందులోని ఫోలిక్ ఆమ్లం ఆ మందు ప్రభావాన్ని పెంచి విరేచనాలు, నోటి పూత తీవ్రమవుతాయి. కొన్ని నెలలుగా ఏ మాత్రలు వాడుతున్నారో అట్టలతో సహా డాక్టరుకు చూపించండి. బీ12 లోపం ఉందో లేదో తేల్చకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడినా నరాలకు ప్రమాదం.

రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఒక్కో యూనిట్ ఎర్రకణాలు పెద్దవాళ్లలో సుమారు 1 గ్రాము పెంచుతాయి. స్థిరంగా ఉన్న రోగికి సాధారణంగా 7 దగ్గర, గుండె జబ్బు ఉంటే 8 దగ్గర ఎక్కిస్తారు. ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ నడుస్తుంటే చాలా కేంద్రాలు 10 దగ్గర గీత గీసుకున్నాయి. అది అనుభవం గీసిన గీత. ఒక్కో యూనిట్ ఎక్కించి, మళ్లీ చూసి, అవసరమైతేనే రెండోది ఇవ్వాలి. సంచి బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ నుంచి బయటికొచ్చాక 4 గంటల్లో ఎక్కడం పూర్తవ్వాలి. మొదటి 15 నిమిషాలు పక్కన మనిషి ఉండాలి. వృద్ధులకు, సన్నగా ఉన్నవాళ్లకు తొందరగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నిల్వ ఉన్న రక్తంలో, ఆక్సిజన్‌ను వదిలించే 2,3-డీపీజీ అనే పదార్థం తగ్గిపోయి ఉంటుంది కాబట్టి, అలాంటి ఎర్రకణాలు ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి కానీ వెంటనే వదలవు. ఒంట్లోకి వెళ్లాక ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటాయి. అత్యవసరం కానప్పుడు యంత్రం నడవని వారాంతంలో ఎక్కిస్తే, సిట్టింగూ పోదు, సోమవారానికి ఆ రక్తం పనికొస్తుంది.

ఇంట్లోవాళ్ల రక్తమే కావాలని పట్టుబట్టే కుటుంబాలకు ఒక మాట. తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల రక్తంలోని తెల్లకణాలు రోగి ఒంట్లో కుదురుకుని దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదే కానీ దాదాపు ప్రాణాంతకం. అలాంటి రక్తాన్ని ఎక్కించే ముందు సంచికి 25 గ్రే రేడియేషన్ ఇచ్చి తెల్లకణాలను పనికిరాకుండా చేయాలి. ఆ ఏర్పాటు లేని చోట దగ్గరి బంధువులు బ్లడ్ బ్యాంకుకు రక్తం ఇచ్చి, బదులుగా వేరే దాత రక్తం తీసుకోవడమే క్షేమం.

ఇక రక్తం పెరిగే ఇంజక్షన్ సంగతి. ఎరిత్రోపోయిటిన్ మూత్రపిండాల జబ్బులో గొప్ప మందు. ఆ పేరుతోనే క్యాన్సర్‌లోకీ వచ్చింది. 2003లో ప్రచురితమైన జర్మనీ పరీక్షలో 351 మంది తల, మెడ క్యాన్సర్ రోగులకు రేడియేషన్‌తో పాటు కొందరికి ఈ మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. మందు తీసుకున్నవారిలో హిమోగ్లోబిన్ చక్కగా పెరిగింది. కణితి అదుపు మాత్రం దిగజారింది, బతికినవారూ తగ్గారు. అదే కోవకు చెందిన డార్బెపోయిటిన్ మీద డెన్మార్క్ వారి పరీక్షను ఇదే కారణంగా 2006లో మధ్యలోనే ఆపేశారు. 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుల సమాచార పత్రంలో పెట్టె గీసిన తీవ్ర హెచ్చరిక చేర్పించింది. రక్తం గడ్డకట్టే ముప్పు దీనికి అదనం. నయం చేసే ఉద్దేశంతో రేడియేషన్ ఇస్తున్నప్పుడు రక్తహీనతకు ఈ ఇంజక్షన్ వాడకూడదు. ఇందులో మినహాయింపుల కోసం వెతకనక్కర్లేదు. రిపోర్టులో అంకె పెరగడం వేరు, కణితి తగ్గడం వేరు అని ఇంతకంటే గట్టిగా చూపిన పరీక్షలు లేవు.

ఆక్సిజన్ కొరతను హిమోగ్లోబిన్ జోలికి పోకుండా ఎదుర్కొనే దారీ ఉంది. ఆక్సిజన్‌లా ప్రవర్తించే నిమోరజోల్ మాత్రలను రేడియేషన్‌తో కలిపి ఇచ్చిన డెన్మార్క్ పరీక్షలో, గొంతు క్యాన్సర్ ఐదేళ్ల తర్వాత అదుపులో ఉన్నవారు 49 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 33 శాతం. ఫలితాలు 1998లో ప్రచురితమయ్యాయి. ఆ దేశంలో అది మామూలు చికిత్సలో భాగమైంది. మిగతా ప్రపంచంలో పెద్దగా పాకలేదు.

పొగతాగడం గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే అది హిమోగ్లోబిన్ రిపోర్టులో కనపడదు. సిగరెట్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. 14 అని రాసి ఉన్నా అందులో కొంత భాగం పనిచేయదు. తల, మెడ క్యాన్సర్ రోగులపై 1993లో వచ్చిన అధ్యయనంలో, రేడియేషన్ జరుగుతుండగా పొగతాగినవారిలో కణితి పూర్తిగా కరిగింది 45 శాతం మందికే. అప్పుడు తాగనివారిలో 74 శాతం. ఇందులో పైసా ఖర్చు లేదు, యంత్రం మీద పడుకోవడానికి ముందు రోజు మానేసినా కార్బన్ మోనాక్సైడ్ చాలావరకు బయటికి పోతుంది.

రోగుల ఇళ్లలో ఉన్నవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. వారానికోసారి రక్తపరీక్ష జరుగుతోందా చూడండి. అంకెలను తేదీలతో ఒకే కాగితం మీద వరుసగా రాయండి. ఎనిమిది విడి రిపోర్టుల కంటే ఆ ఒక్క కాగితం డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. రోజుకు ఎన్ని ప్యాడ్లు తడిశాయి, ఉమ్మిలో, మూత్రంలో రక్తం పడిందా అన్నది సిగ్గుపడకుండా చెప్పండి. ఇనుము మాత్రలతో మలం నల్లబడటం సహజం. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే అది ఇనుము కాదు, లోపల రక్తం పోవడం. రేడియేషన్ అయిపోయిన ఆరు వారాలకు, ఆ తర్వాత మూడు నెలలకోసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. పొత్తికడుపుకు చికిత్స జరిగిన వాళ్లలో, అప్పటిదాకా నిలకడగా ఉన్న అంకె ఆరు నెలలకో ఏడాదికో దిగడం మొదలైతే పురీషనాళంలో రేడియేషన్ పుండు నుంచి రక్తం పోతుండవచ్చు, లేదా జబ్బు తిరిగి వచ్చి ఉండవచ్చు. మాత్రలు రాయించుకుని ఊరుకోకుండా లోపల గొట్టం వేసి చూడమని అడగాలి. పుండున్న చోట బయాప్సీ ముక్క తీస్తే అది మానకుండా రంధ్రం పడే అవకాశం ఉంది కాబట్టి, ఫలానా చోట రేడియేషన్ జరిగిందని ఆ పరీక్ష చేసే డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇట్లు,
రేడియేషన్ ఆంకాలజీ విభాగంలో పనిచేస్తున్న కొందరు వైద్యులు